కరస్పాండెంటు గారి చుట్టలు

బుల్లిరాజు గారు ఆ చెక్కపెట్టె ఎబినేజర్ ఇంటికి తెచ్చింది మే నెలాఖరులో. కొత్తపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి ఆయన కరస్పాండెంటు. ఎబినేజర్ అందులో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెబుతున్నాడు. ఫిబ్రవరిలో బుల్లిరాజు గారికి గుండె ఆపరేషన్ అయ్యింది. అప్పట్నుంచీ భార్య కనకరత్నం గారు పొగ వాసన తగిలితే చాలు, బీరువాలు కూడా వెతికేస్తున్నారట.

"మీరు కెమిస్ట్రీ మాస్టారు. తేమ సంగతి మీకంటే ఎవరికి తెలుస్తుందండీ?" అంటూ ఆయన పెట్టె మూత తీసేరు. లోపల వరసగా పేర్చిన విదేశీ సిగార్లు, మూతకి గుండ్రటి గడియారంలా తేమ చూపించే ముల్లు. "ఇవి మన లంక చుట్టల్లాంటివి కావు, చూరులో దోపితే ఊరుకోవు. ఎండితే పగులుతాయి, నానితే బూజు. ముల్లు అరవై ఎనిమిది దగ్గర నిలబడాలి. సాయంత్రం ఇంటికెళ్తూ మీ అరుగు మీద కూర్చుని ఒక్కటి కాల్చుకుపోతాను. మీ పర్మినెంటు సంగతి జూన్ కమిటీలో నేనే పెడతాను."

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు ఎబినేజర్. ఆ మాట వచ్చేసేక గాని లోగుమ్మం దగ్గర నిలబడ్డ భార్య లిడియా మొహం చూడలేదు.

మొదటి వారం అతనికి సరదాగానే ఉంది. ముల్లు సరిగ్గా చెబుతోందో లేదో చూద్దామనుకున్నాడు. తడి ఉప్పు ముద్దతో కలిపి దాన్ని కవర్లో పెట్టి కట్టేస్తే డెబ్బై అయిదు చూపించాలి. డెబ్బై ఒకటే చూపించింది. నాలుగు తక్కువ చెబుతోందని తేల్చుకుని కాగితం మీద రాసి పెట్టె పక్కన అంటించేడు. బుల్లిరాజు గారు ఆ కాగితం చూసి భుజం తట్టేరు.

జూన్‌లో వానలు మొదలయ్యేయి. గోడలు చెమర్చేయి, బీరువాలో చెప్పులకి కూడా బూజు పట్టింది. పెట్టెలో ముల్లు ఎనభై దాటింది. ఎబినేజర్ లాబ్ నుంచి తేమ పీల్చే నీలం గుళికలు తెచ్చి గుడ్డసంచిలో కట్టి లోపల పెట్టేడు. అవి రెండ్రోజులకే గులాబీరంగుకి తిరిగిపోయేవి. వాటిని పాత మూకుట్లో వేయించి, నీలం రంగు వచ్చేక మళ్ళీ పెట్టేవాడు. అదీ చాలకపోతే బుల్లిరాజు గారే ఒక ఏసీ పంపించేరు. ఉన్న ఒక్క పడగ్గదిలో దాన్ని బిగించి, పెట్టెని అక్కడికే మార్చేరు. ఆ రోజు నుంచి ఆ గది కిటికీ తెరవడానికి లేదు. తలుపు కూడా గబుక్కున వేసెయ్యాలి. నాలుగేళ్ళ రేచల్ ఎన్నిసార్లు మర్చిపోయేదో, అన్నిసార్లు తండ్రి చేత తిట్లు తినేది.

రోజూ అయిదున్నరకి కారు ఆగేది. బుల్లిరాజు గారు అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని ముప్పావుగంట కాల్చేవారు. ఆయన ఎప్పుడు దగ్గుతారోనని ఎబినేజర్ చేతిలో నీళ్ళగ్లాసు పట్టుకుని పక్కనే నిలబడేవాడు. ఆదివారం ప్రార్థనకి వెళ్తే ఉతికిన చొక్కాకి కూడా పొగ వాసనే. వెనక బల్ల మీద కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చునేవారు. జూలైలో లిడియా చెల్లెలి పెళ్ళికి ముక్తేశ్వరంలో ఒక్కపూట ఉండి పరుగెత్తుకొచ్చేరు, కరెంటు పోతే పెట్టె సంగతి ఎవరు చూస్తారని.

జూన్ కమిటీ దసరాకి వాయిదా పడింది. రేచల్‌కి దగ్గు పట్టుకుంది.

"ఏమండీ, మీరేమీ చెయ్యొద్దు" అంది లిడియా ఆగస్టులో ఒకరోజు. "ఆ పెట్టెని మూత తీసి వంటింట్లో పెట్టండి చాలు. వానే చూసుకుంటుంది."

అతను అలాగే చేసేడు. నాలుగోరోజుకి సిగార్ల మీద పచ్చగా నూగులా బూజు లేచింది. ఆ సాయంత్రం చేతులు కట్టుకుని, తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు. బుల్లిరాజు గారు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. జేబురుమాలుతో తుడిచేరు. వెలిగించేరు.

"వానాకాలం కదా మాస్టారూ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారు. ఆ పొగకి ఒక కంపు. ఆయన దగ్గుతూనే మొత్తం కాల్చేరు. మర్నాడు కొత్త పెట్టె తెచ్చేరు.

ఇక దారి ఒక్కటే కనిపించింది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లో ఎబినేజర్ పలివెలలో ఉన్న బుల్లిరాజు గారింటికి వెళ్ళేడు. కనకరత్నం గారు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేరు. అతను తలెత్తకుండా మొత్తం చెప్పేసేడు.

ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు బాబూ. డ్రైవరు మొదటిరోజే చెప్పేడు" అన్నారు. "మీ దగ్గరైతే ఒక్కటితో ఆగుతున్నారు. ఇక్కడ గొడవ పెట్టుకుంటే ఎక్కడెక్కడో కూర్చుని నాలుగు కాలుస్తారు. మీలాంటి మంచివాళ్ళ ఇంట్లో ఉన్నారన్న ధీమా నాది. నాకు తెలుసని ఆయనతో అనకండేం."

గ్లాసు కింద పెట్టి లేచేడు. ఇంటికొచ్చి విన్నదంతా భార్యకి చెప్పేడు. లిడియా రేచల్ బట్టలు సంచిలో సర్దుకుని, "దీని దగ్గు తగ్గేదాకా అమ్మ దగ్గర ఉంటాం" అని బస్సెక్కింది.

రెండు రాత్రులు ఆ చల్లటి గదిలో ఏసీ హోరు వింటూ ఒక్కడూ పడుకున్నాడు. మూడోరోజు ఉదయం పెట్టెని తువ్వాల్లో చుట్టి కాలేజీకి తీసుకెళ్ళి కరస్పాండెంటు గారి టేబుల్ మీద పెట్టేడు.

"ఏం మాస్టారూ?"

"మా ఇంట్లో వద్దండి."

"ఎందుకని?"

దారిపొడుగునా పాప దగ్గు గురించి చెబుదామనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "మీకు మా అరుగు మీద ఏమైనా అయితే నేను తట్టుకోలేనండి. రోజూ భయంతో చస్తున్నాను."

బుల్లిరాజు గారు పెట్టెని సొరుగులోకి తోసేరు. "సరేనయ్యా, వెళ్ళు" అన్నారు. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ 'మీరు' తప్పని మనిషి.

ఆ ఆదివారం ఎబినేజర్ ముక్తేశ్వరం వెళ్ళి తల్లినీ కూతుర్నీ తీసుకొచ్చేడు. దసరా కమిటీ జాబితాలో అతని పేరు లేదు. లిడియా విని, "పోనీలెండి" అంది గాని, ఆ పూట ఇద్దరికీ అన్నం సయించలేదు.

నవంబరులో ఫిజిక్సు చెప్పే వెంకటసాయి స్టాఫ్ రూములో అతని పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. చేరి రెండేళ్ళయిన కుర్రలెక్చరరు, ఇంట్లో మూడునెలల పసిబిడ్డ. చుట్టూ చూసి గొంతు తగ్గించేడు.

"మాస్టారూ, ఆ ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఎలా నిలబెట్టేవారండీ? నా వల్ల కావట్లేదు."

"వద్దని చెప్పెయ్యండి" అన్నాడు ఎబినేజర్. "ఇప్పుడే చెప్పెయ్యండి. తర్వాత మరీ కష్టం."

"ఎలా చెప్పమంటారండీ?" అన్నాడు వెంకటసాయి. అతని కళ్ళకింద నల్లటి చారలు.

తనెలా చెప్పేడో ఎబినేజర్‌కి గుర్తుంది. ఏమయ్యిందో కూడా గుర్తుంది. ఇంతలో బెల్లు కొట్టేరు. సుద్దముక్కలు తీసుకుని ఇద్దరూ చెరో క్లాసుకి నడిచేరు.