గోడలో అతుకు

వినండి తల్లీ, నాయనా, చదువుకున్న మీ అందరికీ ఒక గోడ సంగతి చెప్పాలి.

మధ్యాహ్నం అన్నాల వేళ. ఆసుపత్రి వెనక కొత్త గది కడుతున్నారు. మేస్త్రి చేతులు కడుక్కుని క్యారేజీ మూత తీశాడో లేదో, కాంక్రీటు లారీలు రెండూ తిరిగి గేటు దాటిపోయాయి. గోడ ఇంకా ఛాతీ ఎత్తుకే లేచింది.

ఆ గదిలోకి వచ్చేది మామూలు మిషను కాదు. కంటికి కనపడని నలుసుల్ని పిచ్చి వేగంతో తరిమి, వాటినించి పుట్టిన కిరణంతో క్యాన్సర్ గడ్డని మాడ్చేస్తుంది. ఆ కిరణం బయటికి రాకూడదనే గోడ మనిషి అడ్డంగా పడుకున్నంత మందం. మధ్యలో ఆపకుండా ఒక్క ఊపున పొయ్యాలి. ఆపితే అతుకు పడుతుంది, ఆ సందులోంచి కిరణం బయటికొస్తుంది.

కాంట్రాక్టరు మేస్త్రికి సొంత చెల్లెలి మొగుడే.

"ఇదేంటి బావా, లారీలు పోతున్నాయి?" అన్నాడు మేస్త్రి.

"అవతల ఇంకోచోట స్లాబు ఆగిపోయింది బావా. మిగతాది రేపు పోద్దాం. నీ చేత్తో పూత పూస్తే అతుకు దేవుడికి కూడా కనపడదు."

"కిరణానికి కనపడితే?"

"ఓహో, మా బావ సైంటిస్టు అయిపోయాడు! ముందు తిను, కూర చల్లారుతోంది."

మేస్త్రి నవ్వేశాడు. చెల్లెలి మొగుడు కదా, నా మీద మాట పడనిస్తాడా అనుకున్నాడు. మర్నాడు మిగతా గోడ పోశారు. పైన అద్దంలా పూత పూశాడు.

ఆర్నెల్లకి మిషను బిగించారు. అప్పుడే మేస్త్రి భార్యకి మెడలో గడ్డ బయటపడింది. "సోమవారం మిషను మొదలు, మొదటి పేరు మీదే" అంది డాక్టరమ్మ. మా ఆయన కట్టిన గదిలోనే నాకు వైద్యం అని ఆమె ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది. మేస్త్రికి ఆ అతుకు గుర్తొచ్చింది. అయినా నోరు విప్పలేదు.

శనివారం కిరణాలు కొలిచే అమ్మాయి మిషను వేయించి, మీటరు పట్టుకుని బయట గోడ వెంట నడిచింది. వెనకే కాంట్రాక్టరూ, మేస్త్రీ. రోగులు కూర్చునే బెంచీల దగ్గర, ఛాతీ ఎత్తులో, మీటరు గోల పెట్టింది.

"ఇక్కడేం జరిగింది?"

కాంట్రాక్టరు తడుముకోలేదు. "మేస్త్రి పని మేడమ్. నేను లేనప్పుడు ఆపేసి, పూత పూసి దాచాడు. చుట్టమని నమ్మితే ఇంతే."

మేస్త్రి వైపు కన్నెత్తి చూడను కూడా లేదు. ముప్పై ఏళ్ళు ఒక్క కంచంలో తిన్న మనిషి.

మేస్త్రి సుత్తీ ఉలీ తెచ్చి పూత తనే రాల్చాడు. గోడ పొడుగునా అతుకు బయటపడింది. ఆపించిందెవరో చెప్పాడు. "దాచింది మాత్రం నేనే తల్లీ" అన్నాడు. ఆ అమ్మాయి గదికి తాళం వేయించింది. బాగుచెయ్యడానికి మూడు నెలలు. గడ్డ అన్నాళ్ళు ఆగదు. ఇంకో ఆసుపత్రిలో చూస్తే పేర్ల వరస చాంతాడంత ఉంది.

మేస్త్రి ఇంటికెళ్ళి, జరిగిందంతా చెప్పి, "బావ నన్ను ముంచేశాడే" అని ఏడ్చాడు.

భార్య అతని వైపు తిరిగింది.

"నిన్ను ఆయన ముంచాడు, సరే. సోమవారం పొద్దున నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టేవాడివేగా? తెలిసే కదా?"



అందుకే చెబుతున్నా. మనవాడు చెప్పాడని, తెలిసిన తప్పు దాచకండి నాయనా. దాచిన రోజునుంచీ ఆ తప్పు మనదే.