లైటు వెలిగితే అమ్మ లోపలున్నట్టు

బాత్రూం తలుపుకు గడియ లేకుండా చేసింది పెద్దకొడుకు. అమ్మ లోపల జారిపడిన రోజున గడియ వేసి ఉంది. తలుపు పగలగొట్టి ఆమెను బయటికి తేవాల్సి వచ్చింది. అంతకుముందు స్నానం చేసినవాళ్లు నేలంతా నీళ్లు వదిలి వెళ్లారు. చూపు లేని ఆమెకు ఆ సంగతి తెలియలేదు. చేతి ఎముక అతుక్కుంది. కొత్త తలుపు వచ్చింది. దానికి గడియ మాత్రం పెట్టనివ్వలేదు.

అతను సిటీ బస్సు నడుపుతాడు. ఆపదను ముందే చూడటం అతని ఉద్యోగం. ఇంకోసారి తలుపు పగలగొట్టే ఓపిక తనకు లేదని చెప్పేశాడు.

అమ్మ బట్టలు కుట్టేది. చూపు పోయాక మిషను ఆపింది గానీ, పాత పనివాళ్లు ఎవరైనా వచ్చి బట్ట చేతికిస్తే బొటనవేలితో తడిమి, కుట్టు ఎక్కడ వదులైందో ఇప్పటికీ చెబుతుంది. స్నానానికి వెళితే లైటు వేసేది కాదు. లైటుతో ఆమెకు పనేముంది? గడియా లేక, వెలుగూ లేక, లోపల మనిషి ఉన్నట్టు బయట ఎవరికీ తెలిసేది కాదు. తలుపు తడితే నీళ్ల చప్పుడులో ఆమెకు వినపడేది కాదు. ఒకసారి కోడలు తలుపు తీసింది. ఒకసారి కొడుకే నోట్లో బ్రష్షుతో లోపలికి వెళ్లి, వెళ్లినంత వేగంగా వెనక్కి వచ్చాడు.

లైటు వేసుకోమన్నారు. కొన్నాళ్లు వేసేది, కొన్నాళ్లు మరిచేది. వేసిన రోజున ఆర్పడం మరిచేది. ఆమె వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, ఇంటిల్లిపాదీ బాత్రూం ముందు తువ్వాళ్లతో పడిగాపులు కాసిన రోజులున్నాయి.

చివరికి అందరూ పనులకు వెళ్లాక స్నానం చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పడితే ఎవరు చూస్తారని కొడుకుకు దిగులు పట్టుకుంది. స్నానం చేయించడానికి ఒకామెను మాట్లాడాడు. సోమవారం నుంచి వస్తుందని చెప్పాడు.

"నా ఒళ్లు నేను కడుక్కోలేని రోజున నేనే చెప్తాను పెద్దోడా. అప్పుడు పెట్టు మనిషిని" అంది అమ్మ.

అతను మాట మార్చలేదు. అమ్మ వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

కూతురు ఎలక్ట్రీషియన్. ఆఫీసులకూ హోటళ్లకూ వైరింగ్ చేస్తుంది. ఆదివారం పొద్దున్నే సామాన్ల సంచీతో వచ్చింది. తెచ్చింది మోషన్ సెన్సర్ స్విచ్చు. వేడి ఉన్న ఒళ్లు ఎదురుగా కదిలితే అది కనిపెట్టి లైటు వేస్తుందనీ, కదలిక ఆగితే కాసేపు చూసి ఆర్పేస్తుందనీ అమ్మకు చెప్పింది. ఆవిరి లాగే ఫ్యానునూ దానికే కలుపుతానంది. లైటు ఆరాక కూడా ఆవిరి పోయేదాకా ఫ్యాను తిరుగుతుంది.

"మీ నాన్నకంటే నయమే" అంది అమ్మ. "నేను ఎదురుగా ఎంత కదిలినా ఆయనకి తెలిసేది కాదు."

కూతురు సెన్సర్‌ను తలుపు పైన, వాష్‌బేసిన్ వైపు చూసేలా బిగించింది. ఎప్పుడూ బిగించే చోటే అది. లోపలికి అడుగుపెట్టింది. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. బయటికి వచ్చింది. కాసేపటికి లైటు ఆరింది, ఆ తర్వాత ఫ్యాను ఆగింది. తృప్తిగా చేతులు దులుపుకుంది.

అమ్మ స్నానానికి వెళ్లింది. కొడుకు నడవాలో కుర్చీ వేసుకుని తలుపు పైనున్న గాజుపలక వైపు చూస్తూ కూర్చున్నాడు. లైటు వెలిగింది. నీళ్ల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఆగకముందే లైటు ఆరిపోయింది. అతను పిలిచాడు. జవాబు రాలేదు. తలుపు తోశాడు.

"బయటికి నడు" అంది అమ్మ, తలనిండా నురగతో.

అతను చెల్లెలి దగ్గరికి వచ్చి, దీన్ని మీ ఆఫీసుల్లోనే పెట్టుకోమన్నాడు. మనిషి రేపు వస్తోందని గుర్తు చేశాడు. చెల్లెలు స్క్రూడ్రైవర్ తీసింది.

"ఉండవే. ఇంకోసారి వెళ్లనీ నన్ను" అంది తల తుడుచుకుంటున్న అమ్మ.

లైటు వెలిగినా ఆరినా సెన్సర్ టిక్కుమంటుంది. ఇంట్లో ఆ చప్పుడు పట్టించుకున్నది ఆమె ఒక్కతే. నీళ్లు చిందకుండా పెట్టిన గాజు అద్దం అడ్డు వెనక, తన స్టూలు మీద కూర్చుంది. టిక్కుమని ఆరేదాకా ఆగింది. చెయ్యెత్తి ఊపింది. చప్పుడు లేదు. అద్దం అంచు దాటించి ఊపింది. టిక్. చెయ్యి లోపలికి తీసుకుని, ఆరాక మళ్లీ చూసింది. అదే జరిగింది.

"దీనికీ నాలాగే చూపు ఆనట్లేదే" అంది. "అద్దం అవతలికి చూడలేకపోతోంది."

కూతురు నుదురు కొట్టుకుంది. అద్దం ఒంటి వేడిని ఆపేస్తుందని ఆమెకు తెలుసు. కానీ ఆఫీసు బాత్రూంలో అద్దం వెనక స్టూలేసుకుని ఎవరూ తల రుద్దుకోరు. తను అటు వెళ్లి చూడనేలేదు.

సెన్సర్‌ను తలుపు పైనుంచి ఊడదీసింది. అద్దం అడ్డుకు రెండు వైపులా కనపడేలా పైకప్పుకు బిగించింది. ఫ్యాను గాలి, వేడినీళ్ల ఆవిరి నేరుగా తగలకుండా చూసుకుంది. పాత కన్నాలు సిమెంటుతో పూడ్చి గరుకుకాగితంతో రుద్దింది. అమ్మ స్టూలు మీద కూర్చుని చిటికెనవేలు కదిపితే లైటు రాలేదు గానీ, సబ్బు రుద్దుకున్నట్టు చెయ్యి ఆడిస్తే టిక్కుమంది.

కొడుకు అడగాల్సింది అప్పుడు అడిగాడు. "సరే. లైటుంటే లోపల ఉన్నట్టు. మళ్లీ పడిపోతే?"

కూతురు నోరు తెరిచేలోగా అమ్మే చెప్పింది.

"స్పృహ తప్పితే కదలను. కదలకపోతే ఆరిపోతుంది. వెలుగుతుంటే నేను బాగున్నట్టు. ఆరిపోయి నేను బయటికి రాకపోతే, అప్పుడు తలుపు తియ్యి. పడి కదులుతుంటే అరుస్తాను, నోటికేం రోగం రాలేదు. ఫ్యాను తిరుగుతుంటే నేల తడిగా ఉన్నట్టు, అది నాకు గుర్తు. ఆగేదాకా నేను అడుగుపెట్టను."

అతను కాసేపు గాజుపలక వైపు చూశాడు. రోజంతా సిగ్నల్ లైట్లు చూసి బండి నడిపే మనిషి. ఫోన్ తీసి, స్నానం చేయించడానికి మాట్లాడిన ఆమెకు రేపు రావద్దని చెప్పాడు.

అమ్మ తలుపు పైకి చెయ్యి చాపింది. అందలేదు. కూతురు ఆమెను స్టూలు ఎక్కించి నడుం పట్టుకుంది. పూడ్చిన కన్నాల మీద అమ్మ బొటనవేలు ఒక చివర నుంచి మరో చివరకు నడిచింది. గరుకు ఎక్కడా తగల్లేదు.

"కుట్టు కుదిరింది" అంది.

ఆ మాట కోసం ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఏళ్లు ఎదురుచూసేవారు. కొడుకు తన గురించి దాన్ని ఒక్కసారీ వినలేదు. కూతురు అమ్మను స్టూలు మీంచి దించుతూ తల తిప్పుకుంది.

మర్నాడు ఇంటినిండా మనుషులుండగానే అమ్మ స్నానానికి వెళ్లింది. నీళ్లు ఆపి తల రుద్దుకుంటుంటే నడవాలో కొడుకు చెప్పుల చప్పుడు వినపడింది. అడుగులు తలుపు దాకా వచ్చాయి. ఆగాయి. వెనక్కి వెళ్లాయి.

ఆమె ఇంకొంచెం షాంపూ చేతిలోకి వంచుకుంది.