పచ్చజెండా కింద పడినవాడు

క్రిస్పిన్ పడ్డప్పుడు అరవలేదు. నాలుగో అంతస్తు స్లాబు మీద సామాను మోసుకుంటూ నడుస్తున్న మనిషి నడుస్తూ నడుస్తూనే మాయమయ్యాడు. పైపుల కోసం వదిలిన కంత మీద ఎవరో ఒక చెక్క కప్పి వదిలేశారు. దానికి మేకు కొట్టలేదు, రంగు పూయలేదు, చుట్టూ తాడైనా కట్టలేదు. మామూలు చెక్కే అనుకుని కాలు వేశాడు. చెక్కా అతనూ కలిసి మూడో అంతస్తులో వచ్చి పడ్డారు.

ఆ మూడో అంతస్తులో అతని అక్క ఓతీలియా ఊడుస్తోంది. చీపురు చేతిలో ఉండగానే తమ్ముడు కప్పులోంచి ఆమె ముందు పడ్డాడు. ఎడమ పక్క ఇనుప పైపుల కట్ట మీద పడింది. చెయ్యి ఒంటి కింద మడత పడిపోయింది.

చుట్టూ ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కానీ చూడండి, వాళ్ళు మొదట చూసింది క్రిస్పిన్ని కాదు. గోడలు లేని ఆ అంతస్తులోంచి కిందికి, గేటు దగ్గర ఎగురుతున్న పచ్చజెండా వైపు చూశారు.

ఆ జెండా సంగతి చెప్పాలి. హ్యూస్టన్‌లో ఈ కంపెనీ కార్మికుల భద్రతను పెంచడానికి కనిపెట్టిన ఉపాయం అది. సైటులో ఎవరికీ దెబ్బ తగలనంత కాలం పచ్చజెండా ఎగురుతుంది. మూడు నెలలు దిగకుండా ఎగిరితే అందరికీ విందు. నిప్పుల మీద కాల్చిన మాంసం, చల్లటి సోడాలు, లాటరీలో ఒకరికి కొత్త పికప్ ట్రక్కు. ఎవడైనా ఒక్కడు నాకు దెబ్బ తగిలిందని ఆఫీసులో చెప్పాడా, ఎర్రజెండా ఎక్కుతుంది, విందూ ట్రక్కూ అందరికీ పోతాయి. దెబ్బలు తగ్గడానికేగా అంటారు మీరు. దెబ్బలేం తగ్గలేదు, చెప్పడం తగ్గింది.

కిందటిసారి ఉబాల్దో అనే వడ్రంగి అరికాల్లో మేకు దిగిందని వెళ్ళి చెప్పాడు. ఎర్రజెండా ఎక్కింది. ఆ రోజు నుంచి అన్నం దగ్గర అతని పక్కన కూర్చున్న మనిషి లేడు. "మన మాంసం తిన్నోడు వచ్చాడ్రోయ్, రొట్టెలు దాచుకోండి" అని వెక్కిరించారు. ఆ మాటలు పడలేక అతనే పని మానుకుని పోయాడు. కంపెనీ వాళ్ళు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళకి ఆ అవసరమే రాలేదు, ఆ పని మనవాళ్ళే చేసిపెట్టారు.

మేస్త్రీ నికనోర్ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఓతీలియాది, అతనిది సరిహద్దుకి అవతల ఓహాకా కొండల్లో ఒకే ఊరు. ఈ ముఠాలో సగం మందిని ఇక్కడికి తెచ్చింది అతనే.

"ఒరే క్రిస్పిన్, లేవగలవా?"

"చెయ్యే అన్నా. చెయ్యి ఒక్కటే" అన్నాడు క్రిస్పిన్. ముఖం సున్నం కొట్టినట్టయింది, అయినా నవ్వాడు. "జెండా మాత్రం దించనీకండి. శుక్రవారంతో మూడు నెలలు నిండుతాయి, ఆ ట్రక్కు నాకే తగుల్తుంది, చూస్తూ ఉండండి."

"విన్నావుగా ఓతీలియా. వాడే చెప్తున్నాడు" అన్నాడు నికనోర్. "వెనకవైపు నుంచి దింపుదాం. నువ్వు బండి తియ్యి. ఆసుపత్రిలో ఇంట్లో పడ్డాడని చెప్పు."

ఎవరూ కాదనలేదు. ఓతీలియా కూడా కాదనలేదు.

ఆసుపత్రిలో ఇంగ్లీషు ముక్కలొచ్చింది ఆమెకే. ఎలా పడ్డాడని కుర్ర డాక్టరు అడిగితే, ఇంట్లో బల్బు మారుస్తూ స్టూలు మీంచి అని చెప్పింది. ఎంత ఎత్తు నుంచి అని అడిగాడు. ఓతీలియా అరచెయ్యి తన నడుం దగ్గర పెట్టి చూపించింది. ఇంతే అంది.

నడుమెత్తు నుంచి పడ్డవాడి కడుపులో ఏమైందని ఎవరు వెతుకుతారు? చేతికి కట్టు కట్టి, నొప్పి బిళ్ళలిచ్చి పంపేశారు. ఇంటికొచ్చాక క్రిస్పిన్ ఎడమ పక్క బరువుగా ఉందన్నాడు, దాహమన్నాడు. బిళ్ళ వేసుకుని పడుకో, తగ్గుతుంది అంది ఓతీలియా. తెల్లారేసరికి మనిషి లేడు. లోపల ఏదో చిట్లి రాత్రంతా నెత్తురు కారిందని, పడ్డ ఎత్తు సరిగ్గా చెప్పి ఉంటే వెతికేవాళ్ళమని, తర్వాత ఇంకో డాక్టరు చెప్పాడు. అతనేం కోప్పడలేదు. నేల చూపులు చూస్తూ చెప్పాడు.

ఓతీలియాకి ఏడుపు రాలేదు. తన గుండె ఏమైపోయిందో ఆమెకే తెలియలేదు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అంది, కాఫీ ఇస్తే తాగింది. మర్నాడు పొద్దున్న ఇంట్లో కూర్చోలేక చీపురు పట్టుకుని పనిలోకే వెళ్ళింది. ఇదేం మనిషమ్మా అనుకున్నవాళ్ళూ ఉన్నారు. అనుకోనివ్వండి.

పొద్దున్నే పని మొదలయ్యే ముందు అందరూ వరుసల్లో నిలబడి చేతులూ నడుమూ సాగదీసే కసరత్తు చెయ్యాలి. అదీ భద్రతలో భాగమే. ఎదురుగా సేఫ్టీ అధికారి గ్యారెట్ మైకు పట్టుకుని నిలబడతాడు. ఆ రోజు తల మీది టోపీ తీశాడు, అందరిచేతా తీయించాడు.

"మన క్రిస్పిన్ ఇంట్లో స్టూలు మీంచి పడి పోయాడు. నాకు చాలా బాధగా ఉంది. ఇక్కడ మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో ఇంట్లోనూ అంతే జాగ్రత్తగా ఉండాలి. మీ పిల్లల కోసం. ఈ మాట మీ అందరికీ క్రిస్పిన్ చెప్పిన పాఠం అనుకోండి. సరే, ఇప్పుడు చేతులు పైకి."

అందరి చేతులూ పైకి లేచాయి. ఓతీలియా చేతులు కూడా లేచాయి.

తర్వాత నాలుగో అంతస్తుకి వెళ్ళి చూసింది. కంత మీద మళ్ళీ అదే చెక్క కప్పి ఉంది. మేకు లేదు. ఊచల కట్ట భుజాన వేసుకున్న మనిషొకడు ఈల వేసుకుంటూ దాని పక్కనుంచే పోయాడు. ఓతీలియా ఆ చెక్క మీద చీపురు అడ్డంగా పెట్టి, పని అయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

సాయంత్రం ఆమె ఇంట్లో క్రిస్పిన్ పేరున ప్రార్థన. చనిపోయినవాళ్ళ కోసం వరసగా తొమ్మిది రోజులు కూడి జపమాల చెప్పుకోవడం ఆ ఊరివాళ్ళ ఆచారం. ముఠా అంతా వచ్చింది. ఇరుకు గది, తీపి రొట్టెలు, కొవ్వొత్తుల పొగ. జపం అయ్యాక ఎవరూ లేవలేదు.

"రేపు ఆఫీసుకెళ్తున్నా. వాడు ఎక్కడ పడ్డాడో అక్కడే పడ్డాడని చెప్తా" అంది ఓతీలియా.

నికనోర్ కప్పు కింద పెట్టాడు. "చెప్పి? డాక్టరుకి అబద్ధం చెప్పిందెవరు? నువ్వు. ముందు నిన్నే పట్టుకుంటారు. ఈ దేశంలో ఉండే కాగితాలున్నాయా నీకు? ఇక్కడున్న సగం మందికి ఉన్నాయా?"

"లేవు."

"మరి? పోయినోడు ఎలాగూ పోయాడు. ఉన్నోళ్ళ పొట్ట కొడతావా?"

"ఆ కంత మీద మేకు కొట్టారా అన్నా?"

నికనోర్ కింద పెట్టిన కప్పు మళ్ళీ అందుకున్నాడు.

"నాలుగో అంతస్తులో రేపు నడిచేది ఎవరు? ఇక్కడున్నవాళ్ళ కొడుకా, నీ అల్లుడా? క్రిస్పిన్ స్టూలు మీంచి పడ్డాడని నేను రాయించిందే నిలిచినంత కాలం ఆ చెక్కకి మేకు పడదు. నాకు డబ్బొద్దు, ఏమీ వద్దు. నా తమ్ముడు పని చేస్తూ పోయాడని రాయాలి. అంతే."

"ఎంత తేలిగ్గా చెప్పావమ్మా!" అని ఒక తాపీమనిషి లేచాడు. "ఒక్కరు నోరు తెరిస్తే ఎర్రజెండా. అందరూ నిన్నే తిట్టుకుంటారు."

"తిట్టుకోండి."

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. ఉబాల్దో. చేతిలో రొట్టెల పొట్లం. ఎప్పుడొచ్చాడో, జపం అంతా గుమ్మం అవతలే నిలబడి చెప్పుకున్నట్టున్నాడు. అతన్ని చూసి గదిలో సగం మంది తలలు దించుకున్నారు.

"లోపలికి రావొచ్చా?" అన్నాడు.

"రా తమ్ముడూ" అంది ఓతీలియా.

"క్రిస్పిన్ కూడా నన్ను మాంసం తిన్నోడనే అన్నాడు. పర్లేదు. వాడి కోసమే వచ్చా." కుంటుకుంటూ వచ్చి పొట్లం బల్ల మీద పెట్టాడు. ఆ కాలు ఇంకా మానలేదు. "నేను ఒక్కణ్ణే వెళ్ళాను. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని. ఒక్కడు వెళ్తే వాడు అందరి నోట్లో మట్టి కొట్టినోడు. అందరూ వెళ్తే ఎవడ్ని ఎవడు వెలేస్తాడు? మీలో దెబ్బ తగలనోడు ఎవడో చెప్పండి."

అందరికంటే పెద్దవాడు దొరొతేయో తాత, కాంక్రీటు నునుపు చేసే మనిషి, లేచి చొక్కా పైకెత్తాడు. పొత్తికడుపు చుట్టూ పాత దుప్పటి ముక్క బిగించి కట్టుకున్నాడు. గిలక దిగింది, లోపలి పేగు జారింది.

"బస్తాలు మోస్తుంటే దిగింది. చెప్పలేదు. మీరంతా ఆ ట్రక్కు ట్రక్కని గోల పెడుతుంటే ఏం చెప్పను?"

"తాతా, నువ్వూనా?" అన్నాడొక కుర్రాడు.

"నేనూనా ఏంట్రా, నువ్వు చేతి తొడుగు తియ్యి."

ఆ కుర్రాడు తీశాడు. రెండు వేళ్ళు వంగవు. ఇంకొకామె కంటి తెల్లగుడ్డులో సిమెంటు కాల్చిన మచ్చ చూపించింది. బూట్లు విప్పారు, మోకాళ్ళ మీదికి పంట్లాలు మడిచారు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని రోజూ అన్నం తిన్న మనుషులు, ఒకరికొకరు ఇన్నాళ్ళూ దాచుకున్న ఒళ్ళు చూసుకున్నారు. "నీ అమ్మ కడుపు మాడ, ఈ నడుంతోనా నిచ్చెన ఎక్కుతున్నావు!" అని ఒకడు తిట్టాడు. తిడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఓతీలియా మాత్రం రాయిలా చూస్తూ కూర్చుంది.

నికనోర్ ఒక్కడే ఏమీ చూపించలేదు. "నన్ను ఇందులోకి లాగకండి" అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం వచ్చింది. గేటు దగ్గర పొగ, కాలుతున్న మాంసం వాసన. కొత్త పికప్ ట్రక్కు, దాని ముక్కు మీద ఎర్ర రిబ్బను. రోడ్డు మీద కాంక్రీటు బళ్ళు బారులు తీరి డ్రమ్ములు తిప్పుకుంటున్నాయి. ఆ రోజు అయిదో అంతస్తు స్లాబు పొయ్యాలి, అయ్యాక విందు.

మనుషులు పైకి వెళ్ళలేదు, మాంసం దగ్గరికీ వెళ్ళలేదు. గ్యారెట్ ఆఫీసు గది ముందు వరుసలో నిలబడ్డారు. వరుస ట్రక్కును చుట్టి గేటు దాకా పోయింది. ముందు ఓతీలియా.

గ్యారెట్ నవ్వుతూ బయటికొచ్చాడు. "విందు అటు వైపు కదా, ఇక్కడేంటి లైను?"

"లైను ఇక్కడే" అంది ఓతీలియా. "దెబ్బలు చెప్పుకోడానికొచ్చాం. రాసుకో. క్రిస్పిన్ ఓల్వేరా. మంగళవారం. నాలుగో అంతస్తు కంతలోంచి మూడో అంతస్తులో పడ్డాడు. చచ్చిపోయాడు."

నవ్వు పోయింది. "అతను ఇంట్లో పడ్డాడు. ఆసుపత్రిలో నువ్వే అలా చెప్పావని మేస్త్రీ అన్నాడు."

"అబద్ధం చెప్పాను. నీ జెండా కోసం చెప్పాను. ఆ అబద్ధానికే చచ్చిపోయాడు. అదీ రాసుకో."

ఆమె గొంతులో కోపం లేదు, వణుకు లేదు. ఆ చదును గొంతుకే గ్యారెట్ భయపడ్డట్టున్నాడు, పరుగున వెళ్ళి మేనేజరును పిలుచుకొచ్చాడు. మేనేజరు వరుసను చూశాడు, డ్రమ్ములను చూశాడు. కాంక్రీటు ఎంతోసేపు ఆగదు, గడ్డకట్టేస్తుంది.

"ఇప్పుడే పైకెక్కిన వాళ్ళకి ఇవాళ రెండింతల కూలి" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. "లాటరీలో రెండు ట్రక్కులు పెట్టిస్తా." వెనక నుంచి ఎవరో "అందులో శవపేటిక పడుతుందా దొరా?" అన్నారు. మేనేజరు నికనోర్ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు గానీ ముందున్నవాళ్ళకి వినపడింది.

"సుత్తి తీసుకుని పైకి పో. ఆ చెక్కకి మేకులు కొట్టి ఎర్ర రంగు పూసెయ్. ఎవరన్నా వచ్చి చూసేలోపు అయిపోవాలి."

నికనోర్ సుత్తి అందుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. వరుసంతా అతన్నే చూస్తోంది.

"ఇన్నాళ్ళూ కొడతానన్నా మేకులివ్వలేదు" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "మూడుసార్లు అడిగా. ఇవాళ కొట్టను." సుత్తి మేనేజరు కాళ్ళ దగ్గర పడేశాడు. వచ్చి వరుస చివర నిలబడ్డాడు. చివరున్నవాడు కొంచెం జరిగి అతనికి చోటిచ్చాడు.

మేనేజరు ఫోను చేస్తే పోలీసు బండి వచ్చింది. స్థలం కంపెనీది, ఖాళీ చెయ్యమన్నారు. ముందున్న మనిషిని మూడుసార్లు అడిగారు. "నా తమ్ముడి పేరు రాసేదాకా పోను" అని మూడుసార్లూ అదే చెప్పింది. చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశారు. ఎడమ మణికట్టు దగ్గర ఇనుము చర్మంలోకి దిగింది. అయ్యో, నొప్పిగా ఉందే అనుకుంది ఓతీలియా. మంగళవారం నుంచి ఆమెకు తెలిసిన మొదటి నొప్పి అదే.

బండి వెనక సీట్లో కూర్చోబెట్టారు. అద్దంలోంచి చూసింది. ఆమె నిలబడ్డ చోటు కాసేపు ఖాళీగా ఉంది. తర్వాత వరుస మొత్తం, గేటు దాకా, ఒక్క అడుగు ముందుకు జరిగింది. ఆ చోటులోకి దొరొతేయో తాత వచ్చాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

గ్యారెట్ విసిగిపోయి కలం తీశాడు. "సరే, చెప్పు. నీకేం దెబ్బ తగిలింది?"

"నాది తర్వాత రాద్దువు గాని" అన్నాడు తాత. "ముందు క్రిస్పిన్‌ది రాయి."