విఠల్ దోసగింజలు

ఏ విషయమైనా రెండు వీడియోలు చూస్తే చాలు, తనకు పట్టుబడిపోతుందని విఠల్‌కు గట్టి నమ్మకం. ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ చూసుకునే ఈ మనిషి రెండేళ్ళ కిందట ఆదిమానవుడి వ్యవసాయం మీద పడ్డాడు. దానికి తోడు బ్లాక్‌టౌన్ దగ్గర కొత్తగా కట్టుకున్న ఇంట్లో, కంచె వారగా వేసిన నాలుగు దోసపాదులూ ఆ ఏడు విరగకాశాయి. ఇక అతణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు.

అక్కడ ఎండాకాలమైన ఫిబ్రవరిలో ఓ ఆదివారం తెలిసినవాళ్ళను పెరట్లో బార్బెక్యూకి పిలిచి, చేతిలో పటకారుతోనే ఉపన్యాసం అందుకున్నాడు.

"అడవి దోస ఇంతే ఉండేది. నోట్లో పెడితే విషం! అప్పటి ఆడవాళ్ళు ఏం చేశారు? ప్రతి పాదుకీ ఓ కాయ కొరికి చూశారు. చేదైతే థూ! కమ్మగా ఉంటే గింజ దాచారు. వేల ఏళ్ళు ఇదే పని. సివిలైజేషన్ అంటే అదండీ!"

వంటింటి గుమ్మంలోంచి భార్య శేషుకుమారి పిలిచింది. "ఏవండీ, సింక్ పక్కన కాయ ఉంది, అదీ..."

"తర్వాత చెబుదువులే, మెయిన్ పాయింట్‌లో ఉన్నా."

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్ళాక ఆ కాయ అతని కంటబడింది. పెద్దది, పసుపుపచ్చగా పండింది, ఓ ముక్క కోసి ఉంది. తన ఉపన్యాసం విని విత్తనానికని దాచిందనుకుని మురిసిపోయాడు. గింజలు కడిగి ఆరబెట్టాడు. అక్టోబరులో వాటితో నారు పెంచి, కుండీల మీద 'విఠల్ సెలక్షన్' అని రాసి మరీ పదకొండు ఇళ్ళకు పంచాడు.

జనవరిలో మొదటి ఫోన్ రెండు వీధుల అవతల ఉండే ఆండాళ్ ఆంటీ నుంచి వచ్చింది.

"విఠల్ బాబూ, పప్పంతా పారబోశాను నాయనా. నువ్విచ్చింది దోసేనా, కాకరా?"

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. విఠల్ పరుగున పెరట్లోకెళ్ళి తన పాదు కాయ కొరికాడు. నాలుక మెలితిరిగిపోయింది.

"ఆ రోజు చెప్పబోతే విన్నారా? చేదుగా ఉంది, బిన్‌లో వేసేయండి అని చెబుదామనే పిలిచా" అంది శేషుకుమారి.

"మరి నారు పోస్తున్నప్పుడైనా అనొచ్చుగా?"

"అవి ఆ కాయ గింజలని నాకేం తెలుసు? రుచి చూడందే గింజ తీయకూడదని ఊరందరికీ చెప్పేది మీరేగా!"

పన్నెండేళ్ళ కూతురు సాహిత్య ఫోన్‌లోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పింది. "నాన్నా, యూ డిడ్ ఇట్ బ్యాక్‌వర్డ్స్."

ఆ శనివారం చాకూ, నీళ్ళ సీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి పాదుకీ ఓ కాయ కోయడం, కొరకడం, ఉమ్మడం. నారు తీసుకున్నవాళ్ళలో ఒకడైన అచ్యుత్ ఇంట్లో పిల్లలు వీడియో తీశారు. తొమ్మిదో ఇంటికి నోరు మొద్దుబారిపోయింది. "కాఫీ తాగుతారా?" అని ఎవరో జాలిగా అడిగి ఇస్తే, అందులో చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు.

చివరికి ఆండాళ్ ఆంటీ పెరడు. కుళాయి పక్కన ఓ బక్కపాదు, దానికి రెండే కాయలు. ఒకటి కొరికి, అలవాటుగా ఉమ్మబోయి ఆగాడు. మళ్ళీ కొరికాడు. తన నాలుక మీద నమ్మకం పోయి ముక్క ఆవిడకిచ్చాడు. ఆవిడ నమిలి, కాసేపు ఆలోచించి, మింగింది.

"ఇది పర్లేదోయ్!"

విఠల్ ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో అతనికే తెలియలేదు. ఆంటీ పాత చీర అంచు చింపి, రెండో కాయ తొడిమకు గుర్తుగా కట్టింది.

మరుసటి ఏడు ఆ కాయ గింజలు తన కంచె వారనే వేసుకున్నాడు, ఎవరికీ ఇవ్వలేదు. ఆరు పాదుల్లో రెండు చేదు కాశాయి. వాటిని పీకేశాడు. మిగిలినవాటిలో మొదటి కాయ పట్టుకుని ఆండాళ్ ఆంటీ తలుపు తట్టాడు. ఆవిడ అతణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, లోపలికెళ్ళి చాకు తెచ్చి, ఓ ముక్క కోసి నోట్లో వేసుకుంది.

అప్పుడు గానీ "లోపలికి రా" అనలేదు.