ఆఖరి పెట్టె మడిచేదాకా

పొద్దున్నే ఆ పిల్ల చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలెడితే గోడ గడియారం ఆగిపోతుంది. పిల్లేమిటి, ఇరవై ఆరేళ్లు! ఆఖరి గుండీ పెట్టుకున్నాకే మళ్లీ నడుస్తుంది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. మలుపు దగ్గర బస్సు డ్రైవరు కూడా విసుక్కోకుండా కూర్చుంటాడు. తల్లికే ఓపిక ఉండదు. "ఇటు రావే" అని తానే గబగబా పెట్టేస్తుంది. అప్పుడు గడియారం మామూలుగా పరిగెడుతుంది.

పిల్లకి డౌన్ సిండ్రోమ్. ఏడాదికోసారి సభ పెట్టి, తల్లీకూతుళ్లని వేదికెక్కించి, బ్యాడ్జీలు తగిలించి ఫొటోలు తీస్తారు. "మేమంతా మీ వెంటే" అంటారు. మర్నాడు పని అడిగితే ఒక్కడూ కనపడడు. తల్లికి అరవై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. తన తర్వాత దీని గతేంటన్న దిగులొక్కటే మిగిలింది.

ఎన్ని గడపలు తొక్కాకో ఒక బేకరీ సూపర్‌వైజరు మెత్తబడ్డాడు. పదిన్నరలోపు యాభై అట్టపెట్టెలు మడిస్తే పని ఇస్తానన్నాడు.

"ఇలాంటివాళ్లు నెమ్మదమ్మా. నాకు జాలి లేక కాదు," అన్నాడు.

మొదటి పెట్టె అంచు వంకర పోగానే తల్లి చెయ్యి ఊరుకోలేదు. లాక్కుని తానే మడవసాగింది. పదింపావు దాటింది. పదీ ఇరవై అయింది. ఇంకా ముప్ఫై ఉన్నాయి.

"అమ్మా, నా పని," అంది కూతురు.

"టైమైపోతోందే తల్లీ!"

"నా పని."

తల్లికి ఏడుపొచ్చింది. చేతులు వెనక్కి తీసుకుంది. బేకరీ గోడ గడియారం ఆగింది.

పిల్ల ఒక్కో అంచునీ బొటనవేలితో నొక్కి నొక్కి మడిచింది. తెల్లారినుంచి నిలబడే పని చేస్తున్న బేకరీ ఆడవాళ్లు హమ్మయ్య అని కూలబడ్డారు. వాళ్లలో పెద్దావిడ కాళ్లు చాపుకుంది. సూపర్‌వైజరు చాన్నాళ్లకి టీ వేడిగా తాగాడు. ఆఖరి పెట్టె మడిచాక ముల్లు కదిలింది. పదీ ఇరవై ఒకటి.

"ఈ పిల్లని పంపేశారో, మేం ఊరుకోం సార్," అంది పెద్దావిడ మోకాలు పట్టుకుని లేస్తూ. "పన్నెండేళ్లలో ఇక్కడ నేను కూర్చున్నది ఇవాళే."

సూపర్‌వైజరు అలవాటు కొద్దీ తల్లి వైపు తిరిగాడు. ఏమనుకున్నాడో, మళ్లీ కూతుర్నే అడిగాడు.

"రేపు తొమ్మిదికి వస్తావామ్మా?"

"వస్తా," అంది. కాస్త ఆలోచించి, "నేనొక్కదాన్నే వస్తా. అమ్మ పడుకుంటుంది," అంది.

తల్లికి చర్రున కోపమొచ్చింది. ఇరవై ఆరేళ్లు ఒక్క పూట వదలకుండా చూసుకుంటే ఇదా మాట! నన్ను పడుకోమనడానికి నువ్వెవరివే అనబోయి నోరు తెరిచింది.

పెద్ద ఆవలింత వచ్చేసింది.