ఆమె పేరు చెప్పను

ఆదివారం మందిరం భోజనాలకని కోడికూరలో గరిటె తిప్పుతుంటే మా అత్త స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ అంది: “అంత దూరం పోయొచ్చి ముఖం ఎట్టా పెట్టుకున్నావో చూడు. అక్కడ నువ్వు చేసిందేముందే, వండి పెట్టటమేగా. సువార్త చెప్పింది మావాడు.”

వండి పెట్టడానికే తీసుకెళ్ళారు, నిజమే. మా ఆయన జయకర్ నరసరావుపేట దగ్గర ఒక సంఘానికి పాస్టరు. నేపాల్‌లో ఏడాదిపాటు మిషన్ పనికి ఆయన్నీ మరో ఇద్దరు బోధకుల్నీ ఎంపిక చేసినప్పుడు, “ఆడమనిషి ఉంటే తిండికి ఇబ్బంది ఉండదు” అని నా ముందే మాట్లాడుకున్నారు. నేను ప్రైవేటు బళ్ళో ఐదో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మానెయ్యమన్నాడు. “నీ జీతం లేకపోతే లోకం ఆగిపోద్దా సలోమీ?” అన్నాడు. మానేశాను.

మేమున్నది సరిహద్దుకు దగ్గర్లోని చిన్న ఊరు. అక్కడ అందరికీ హిందీ అర్థమవుతుంది. మా వాళ్ళు ముగ్గురికీ రాదు. నాకు వచ్చు. గురజాలలో మా పుట్టింటి పక్కిల్లు చాంద్ బీ పిన్నిది. ఆమె కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతుంటే పక్కన కూర్చుని కాజాలు కుట్టేదాన్ని, ఆమె ఉర్దూ అలా నా నోటికి పట్టింది, మాట్లాడితే హిందీ కూడా అదేగా. తర్జుమా నేను చేస్తానంటే జయకర్ నవ్వాడు. “సాయిబుల ఇంట్లో నేర్చుకున్న భాషతో వాక్యం చెబుతావా? అయినా మైకు దగ్గర ఆడది నిలబడితే బాగుండదు.” వేరే ఊరి నుంచి ఒక మగమనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు. అతను తిన్న కంచం కూడా నేనే కడిగేదాన్ని.

ఆ దేశంలో ఒకరి మతం మార్పించడం నేరం. అందుకని అద్దె గదుల్లో, తలుపులు వేసి కూడికలు పెట్టేవారు. వచ్చేవాళ్ళు తక్కువ. జయకర్ ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టేవాడు. ఇక్కడి మన సంఘం పెద్దలు ఫలం ఏదని, ఎంతమంది మారారని అడుగుతున్నారట.

ఆమె నాకు బోరింగు దగ్గర కలిసింది. పక్కింటి కోడలు. పేరు చెప్పను. ఒకరోజు దూరంగా గోడవారన కూర్చుని ఉంది, బిందె ఖాళీగా ఉంది. నీళ్ళు కొట్టుకోవేమని అడిగాను. నెత్తురు ఆగడం లేదట, బోరింగు ముట్టుకోకూడదట. మూడో కడుపూ పోయింది. బిందె నేను నింపి, మా ఇంటి నుంచి టీ తెచ్చిచ్చి, పక్కన కూర్చున్నాను. “నన్ను తాకితే మీకు మైల కదా దీదీ” అంది. నాకు నా సంగతి గుర్తొచ్చింది. నా కడుపు పోయినప్పుడు జయకర్ ఆస్పత్రి మంచం పక్కన మోకరించి, “నీలో ఒప్పుకోని పాపమేదో ఉంది, ఒప్పుకో” అన్నాడు. నాకు నెత్తురు ఇంకా ఆగనే లేదు. ఏ పాపమో తెలియక నేను చిన్నప్పటి అబద్ధాలన్నీ ఏరుకుంటూ ఏడ్చాను. అది ఎవరికీ చెప్పలేదు, ఆమెకు చెప్పాను.

అప్పుడామె అడిగింది, మీ దేవుడు కూడా అంతేనా అని. నేనేమీ సిద్ధం చేసుకుని వెళ్ళలేదు. ఏళ్ళ తరబడి నెత్తురు ఆగని ఒక ఆడమనిషి గుంపులో వెనకనుంచి వచ్చి యేసు బట్ట అంచు ముట్టుకుందని, అందరూ తోసుకుపోతున్నా ఆయన ఆగి వెనక్కి తిరిగాడని, ఆమెను కూతురా అని పిలిచాడని చెప్పాను. అంతే. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. “ఆగాడా?” అంది. “ఆగాడు” అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత రోజూ బోరింగు దగ్గర ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం. కూర ధరలు, అత్తలు, ఆగి వెనక్కి తిరిగిన ఆయన. నమ్మించాలని నేను చూడలేదు, నమ్మానని ఆమె చెప్పలేదు. నా జన్మలో నేను నోరు విప్పి నా దేవుడి గురించి మాట్లాడింది ఆ గోడవారనే.

ఆమె ఏడుస్తుంటే జయకర్ వంటింటి కిటికీలోంచి వీడియో తీశాడని నాకు తెలియదు. గురజాల నుంచి మా చెల్లెలు పంపితే చూశాను. నన్ను కత్తిరించేశాడు. ఆమె ముఖం ఫోను నిండా ఉంది. పైన జయకర్ గొంతు: “నేను ఈ సోదరితో మాట్లాడగా ఆమె కన్నీటితో ప్రభువును అంగీకరించింది.” ఆమె పేరు చెప్పాడు, ఊరి పేరు చెప్పాడు.

తీసెయ్యమన్నాను. కాళ్ళు పట్టుకుని అడిగాను.

“వేలమంది చూశారే. దేవుడు వాడుకుంటన్నాడు. నిన్ను కనపడనియ్యలేదని కుళ్ళు నీకు” అన్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా అన్నాడు.

వారం తిరగకుండా ఆ వీడియో ఆ ఊరు చేరింది. ఆమె అత్త, బావగారు జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. బోధకులు పోలీసులొస్తారని సామాను జీపులో పడేశారు. నేను ఆమె దగ్గరికి పరుగెత్తబోతే జయకర్ రెక్క పట్టి వెనక సీట్లోకి తోశాడు. జీపు కదులుతుంటే ఆమె వచ్చి తలుపు పట్టుకుంది. పెదవి చిట్లి గడ్డం దాకా నెత్తురు. “నన్నూ తీసుకెళ్ళు దీదీ, చంపేస్తారు” అంది. జయకర్‌కి ఆమె మాట అర్థం కాలేదు. అడగనూ లేదు. ఒక్కొక్క వేలూ విడదీశాడు, చీర ముల్లుకు తగులుకుంటే తీసినట్టు జాగ్రత్తగా. “కేసయిద్ది, పోనీ పోనీ” అన్నాడు డ్రైవరుతో.

మేం ఊరికి తిరిగొచ్చాక ఆ ఆదివారం మందిరంలో పెద్ద తెర కట్టారు. జయకర్ మెడలో దండ. ఆమె ముఖం తెరంతా నిండింది. “ఈ సోదరిని కొట్టారు, తరిమారు. అయినా యేసును విడిచిపెట్టలేదు” అన్నాడు. ఆమె బతికుందో లేదో ఆయనకు తెలియదు. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. కానుకల సంచి వరుసల మధ్య తిరిగింది. చివర నన్ను పిలిచి, చెవిలో, “వందనాలని చెప్పి కూర్చో” అన్నాడు.

మైకు పట్టుకున్నాను. “ఆమె ఏమీ అంగీకరించలేదు. ఏడ్చింది, అంతే. ఆమెతో మాట్లాడింది ఈయన కాదు, నేను. ఆమె మా జీపు తలుపు పట్టుకుంటే ఈయన ఆమె వేళ్ళు విడదీశాడు” అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతే మైకు ఆగిపోయింది. ఆడవాళ్ళ వైపు చూశాను. నా వయసు వాళ్ళు, నా దగ్గర ప్రార్థన చేయించుకునేవాళ్ళు. తలలు వంచుకున్నారు. ఒకామె పిల్లాడి చెవులు మూసింది. సంఘం పెద్ద లేచి, “పాస్టరమ్మకు ప్రయాణం పడలేదు. భోజనాలకు పదండి” అన్నాడు.

మందిరం వెనకే ఉన్న మా ఇంట్లో వడ్డన నేనే చేశాను. చెయ్యనంటే చేసేవాళ్ళు లేరు. నేను వండిన కూర నాకు మొహం చాటేసి తిన్నారు. జయకర్ వంటగదిలోకి వచ్చి, నా మణికట్టు మెలితిప్పి, చిన్నగా, నవ్వు ముఖంతోనే అన్నాడు: “పిచ్చిదని రాయించి ఆస్పత్రిలో పడేస్తా. నీకు అడిగే దిక్కెవరే?”

ఆయన వెళ్ళాక ఫోను మోగింది. కొత్త నంబరు. ఆమె గొంతు. నా నంబరు బోరింగు దగ్గర ఎప్పుడో ఆమెకిచ్చాను. బతికుంది. పుట్టింట్లో పశువుల పాకలో ఉంటోందట. నేను ఏడ్చాను, వస్తానన్నాను.

“రావొద్దు దీదీ. నువ్వొస్తే మళ్ళీ కొడతారు.”

“నీకోసం రోజూ ప్రార్థన చేస్తున్నా.”

“వద్దు” అంది. “ఆ వీడియో తీసేయించు. దానివల్ల తమ్ముడి పెళ్ళి తప్పిపోయింది. ఈ పాకలో కూడా ఉండనివ్వం అంటున్నారు. నాకు నీ దేవుడు వద్దు, నా ముఖం నాకు ఇప్పించు.”

ఫోను పెట్టేసింది. వంటగదిలో ఎంగిలి గిన్నెల మధ్య నిలబడ్డాను. నా మీద కోపం రాలేదు ఆమెకు, అదే భరించలేకపోయాను. ఆగాడు అని చెప్పాను కదా నేను. ఆయన ఆగాడు. ఆయన పేరు చెప్పుకునే మేం ఆగలేదు. ఇక ఆమె కోసం మోకాళ్ళ మీద నేనేం అడగాలి? ఆమె అడగాల్సింది నన్ను అడిగేసింది.

చేతులు కడుక్కున్నాను. బయట జయకర్ అతిథులకు ఆకువక్క ఇస్తున్నాడు. “పెరుగు తేవే సలోమీ” అంది అత్త. ఫ్రిజ్‌లో ఉంది, తెచ్చుకోమన్నాను. ఆమె నోరు తెరిచేలోపు గేటు దాటి ఆటో ఎక్కాను. పోలీస్ స్టేషన్ దగ్గర దిగాను.

కానిస్టేబుల్ కాగితం తీశాడు. ఒక ఆడమనిషి ముఖం, ఆమె ఒప్పుకోకుండా ఫోనులో తీసి లోకమంతా పంచారని చెప్పాను. ఆమె పేరు అడిగాడు.

“ఆమె పేరు నేను చెప్పను. చెప్పినందుకే కంప్లైంటు.”

“మరి ఎవరి మీదమ్మా?”

“పాస్టర్ జయకర్ మీద.”

అతను తలెత్తి చూశాడు. “ఆయన నీకేమవుతాడు?”

“మొగుడు” అన్నాను. “రాయండి.”