ట్రాక్టరు షెడ్డుకు పొగగొట్టం

కోటప్పకొండ తిరనాళ్ళకు వెళ్ళి దేవుణ్ణి చూడకుండా తిరిగొచ్చిన మనిషి మా ఆయన యల్లమంద ఒక్కడే అయ్యుంటాడు. స్వరాజ్యం వచ్చిన మరుసటి శివరాత్రి అది. కొండ కింద ప్రభలు వరసగా నిలబెట్టిన చోటే మద్రాసు కంపెనీ వాళ్ళు చిన్న ట్రాక్టరు ఒకటి తెచ్చి పెట్టారు. మా ఆయన దాని ముందు ఆగిపోయాడు. నేను పిల్లల్ని వెంటేసుకుని మెట్లెక్కి, దర్శనం చేసుకుని దిగొచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. ప్రసాదం చేతిలో పెడితే కళ్ళకద్దుకున్నాడు, ట్రాక్టరు వైపు తిరిగి.

"ఏమే, దీనికి గడ్డి అక్కర్లేదంట!" అన్నాడు.

"మరేం తింటదంట?"

"కిరసనాయిలు తాగుద్దంట."

"దీపంలోకే కంట్రోలు షాపులో చుక్కలు లెక్కబెట్టి పోస్తన్నారు. దీన్ని ఏం పోసి సాకుతావు?"

ఆ మాట ఆయన చెవిన పడలేదు. ట్రాక్టరు ఖరీదు నాలుగు వేలు. పొగాకు అమ్మిన డబ్బు, ఎద్దుల జత అమ్మితే వచ్చేది కలిపి చూసుకుంటే ఇంకా పదిహేను వందలు తక్కువ. ఆ పదిహేను వందల కోసం మా ఆయన కాలికి బలపం కట్టుకున్నాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా వంటపాక చూరు నా భుజాల ఎత్తుకు వేలాడుతుండేది. లోపలికి వెళ్ళాలంటే నడుం వంచాలి, పొయ్యి ముందు గొంతుక్కూర్చోవాలి, బయటికి రావాలంటే మళ్ళీ వంచాలి. పెళ్ళయిన నాటి నుంచి నేను పగలల్లా వంగే ఉన్నాను. వానాకాలం ఒక చేత్తో గరిటె, రెండో చేత్తో కూరకుండ మీద గొడుగులా చేట. నరసరావుపేటలో వెంకటరామయ్య శెట్టిగారి ఇంట్లో ఒకసారి వాళ్ళ వంటిల్లు చూశాను. గోడ వారగా నడుమెత్తు గట్టు, గట్టు మీద పొయ్యి, దాని పైన పొగగొట్టం. శెట్టిగారి భార్య కృష్ణకుమారిగారు నిలబడి వంట చేస్తున్నారు! కళ్ళల్లో నీళ్ళు లేకుండా, నవ్వుతూ! చచ్చేలోపల నేనూ అలా నిలబడి వండాలని ఆ రోజే అనుకున్నాను. మా ఆయనకు చెబితే "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. ఆ వచ్చే ఏడు ఎప్పటికీ రాలేదు.

అందుకని నేనే నెయ్యి అమ్మడం మొదలుపెట్టాను. మా వీధి చివర ఉండే జాన్‌బీ ఊళ్ళో వాళ్ళ నెయ్యీ, గుడ్లూ పేటకు తీసుకెళ్ళి అమ్మిపెడుతుంది. నా నెయ్యి డబ్బు మాత్రం నాకు తేకుండా వెంకటరామయ్య శెట్టిగారి కొట్లో వేసేది. శెట్టిగారు దాన్ని వడ్డీలకు తిప్పేవారు. యుద్ధంలో నెయ్యి ధర పెరిగింది, నా డబ్బూ పెరిగింది. పదిహేను వందల పైచిలుకు అయింది. ఇందులో దాచింది ఏమీ లేదు. నెయ్యి డబ్బు ఏమవుతోందని మా ఆయన అడిగితే చెప్పేదాన్నే. ఆయన అడగలేదు.

సరే, ఆయన ముందు పేటలో భూముల మీద అప్పులిచ్చే బ్యాంకుకు వెళ్ళాడు. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"పాత అప్పులు తీర్చుకోడానికయితేనే ఇస్తారంట. నాకు పాత అప్పుల్లేవు గదా!" అన్నాడు, ఏదో తప్పు చేసినట్టు. "ముందెక్కడన్నా అప్పు చేసిరా, అది తీర్చడానికి మేమిస్తాం అన్నాడు ఆ గుమాస్తా."

తర్వాత మా అన్న పుల్లారావు దగ్గరికి వెళ్ళాడు. చెరి సగం డబ్బు వేసుకుని పొత్తులో కొనాలని. బావలిద్దరూ మా అరుగు మీదే కూర్చుని మాట్లాడుకున్నారు. కొనడం సంగతి చిటికెలో తేలిపోయింది. విడిపోతే ఎట్టా అనే దగ్గర పేచీ వచ్చింది.

"పెద్ద చక్రాలు రెండూ నాయి" అన్నాడు మా అన్న.

"ఇంజను ముందుండాది గాబట్టి ముందు సగం నాకు రావాల" అన్నాడు మా ఆయన.

"మరి సీటు?"

సీటు ఒక్కటే. దాని మీద ఇద్దరూ గొంతులు లేపారు. ఇంకా కొనని ట్రాక్టరు సీటు కోసం మా అన్న కాఫీ తాగకుండా లేచిపోయాడు.

ఆ తర్వాత కంపెనీ గుమాస్తా మా ఇంటికే వచ్చాడు. రెండెకరాలు పూచీ రాసి, కొంత ఇప్పుడు కట్టి, మిగతాది వాయిదాల మీద కట్టుకోవచ్చన్నాడు. వాయిదా తప్పితే ట్రాక్టరు వెనక్కి తోలుకుపోతారట.

"మరి అప్పటిదాకా దున్నిన దుక్కి?" అని అడిగాడు మా ఆయన. "అదీ తీసకపోతారా?"

గుమాస్తా నవ్వేశాడు. మా ఆయన మాత్రం రెండెకరాలు రాసివ్వడానికి సగం ఒప్పుకున్న మొహం పెట్టాడు. చివరికి, సంతకం పెట్టే ముందు ఒకసారి వెంకటరామయ్య శెట్టిగారిని కూడా అడిగి చూస్తానని పేటకు వెళ్ళాడు.

మర్నాడు జాన్‌బీ వచ్చింది. పొయ్యి దగ్గర నా పక్కన చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది.

"అక్కా, శెట్టిగారు అడిగి రమ్మన్నాడు. ఆయన చేతిలో ఇప్పుడు రొక్కం లేదంట. నీ డబ్బు ఎవరో రైతుకిద్దామంటన్నాడు. నిన్నడక్కుండా ఇయ్యడు గదా. రైతు పేరు యల్లమందంట. నీకేమన్నా ఎరికేనా?"

నేను గరిటె కింద పెట్టేశాను.

"మనిషి ఎట్టాంటోడక్కా? తాగుతాడా?"

"మజ్జిగ."

"పేకాట?"

"రాదు. వస్తే ఆడేవోడే."

"తీసుకుంది తిరిగిస్తాడా?"

ఇక్కడ నేను నిజంగానే ఆలోచనలో పడ్డాను. మా పెద్దాడు పుట్టిన ఏడు మా అన్న దగ్గర తెచ్చిన నిచ్చెన ఇంకా మా గోడకే ఆనించి ఉంది. మా అన్నకు నిచ్చెన కావాలంటే మా ఇంటికొచ్చి అడిగి తీసుకెళ్తాడు. పని అయ్యాక పాపం ఏ రోజుకారోజు తెచ్చి మా గోడకు ఆనించి పోతాడు.

డబ్బు ఇస్తే నా వంటిల్లు పోయినట్టే. ఇవ్వకపోతే రెండెకరాలు కంపెనీ చేతిలో పెడతాడు. ఎటూ పాలుపోక పొయ్యిలోకి పుల్ల ఎగదోశాను. పొగ కళ్ళల్లోకి కొట్టింది. అప్పుడు తట్టింది నాకు.

"ఇస్తానని చెప్పు, జాన్‌బీ. కాకపోతే ఆ రైతు ముందు ట్రాక్టరుకు షెడ్డు కట్టాలి. అంత ఖరీదు గల మిషను వానలో తడిస్తే నా డబ్బుకు పూచీ ఏంది? షెడ్డు ఎట్టా ఉండాల్నో నేను చెప్తా. నా పేరు మాత్రం చెప్పొద్దను."

అప్పటి నుంచి నా పొయ్యి దగ్గర పుట్టిన మాట మా అరుగు మీదికి రావడానికి నరసరావుపేట చుట్టి వచ్చేది. నేను జాన్‌బీకి చెప్పేదాన్ని, జాన్‌బీ శెట్టిగారికి, శెట్టిగారు మా ఆయనకు. ఆయన ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, నాకే చెప్పేవాడు.

"ఎవరో పార్టీ అంట. పేరు చెప్పడు శెట్టి. మాచర్ల వైపు ముసలి పీనుగయ్యుంటాడు. చానా పిసినిగొట్టు. షెడ్డు గోడలు రాతివి కావాలంట, మంగుళూరు పెంకులు కావాలంట. వాడి సొమ్మేం పోయింది!"

"ఇంకొంచెం పప్పు వేసుకో" అన్నాను.

రాళ్ళు మా చేలోవే. దూలాలకు మా గట్టు మీది తుమ్మలు కొట్టించాడు, మిగిలిన కలప అమ్మి పెంకులు తెచ్చాడు. తాపీ పనికి జాన్‌బీ మొగుడు మహమూద్ వచ్చాడు. నేను రెండో షరతు పంపాను, పైన పొగగొట్టం ఉండాలని. తిడతాడేమో అనుకున్నాను. మా ఆయన ఉలిక్కిపడి తొడ చరుచుకున్నాడు.

"చూశావటే? ట్రాక్టరు పొగ వదులుద్ది గదా! షెడ్డులో ఆ పొగ యాడికి పోవాల? నాకసలు తట్టనే లేదు. ముసలోడికి మిషన్ల సంగతి బాగా తెలుసే!"

ఆ రోజు నుంచి ముసలి పీనుగ కాస్తా ముసలాయన అయ్యాడు. కడగడానికి నీళ్ళు పోయే తూము పెట్టమంటే ముసలాయన తెలివైనవాడు అయ్యాడు. తూర్పున కిటికీ పెట్టమంటే, పొద్దున్నే ఎండ తగిలితే ఇంజను తొందరగా అందుకుంటుందని తనే కారణం కనిపెట్టి, పార్టీగారు అనడం మొదలుపెట్టాడు. నాకు నవ్వు ఆపుకోలేక పొలమారేది.

చివరికి గోడ వారగా గట్టు కట్టాలని పంపాను, నూనె డబ్బాలు పెట్టుకోవడానికి. గట్టు పైన గూళ్ళు, చిన్న చిన్న సామాన్లకు. కింద నాపరాళ్ళ పరుపు. మహమూద్‌కు అంతా తెలుసు, అయినా ఉండబట్టలేకపోయాడు.

"అయ్యా, నాకెందుకోగాని ఇది వంటిల్లు మాదిరి కనపడతందే!"

"నీకు మిషన్ల సంగతేం తెలుసురా? పార్టీగారు చెప్పినట్టు కట్టు" అని కసిరాడు మా ఆయన. "గట్టు ఎంతెత్తు పెడతావు? ఏమే, ఇట్టా వచ్చి నిలబడు. రేపు డబ్బాలు అందించేది నువ్వే గదా."

నేను వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. ఆయన దగ్గరుండి నా నడుం ఎత్తుకు గీత గీయించాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే ఆ పూట ఆయనకు గారెలు చేసిపెట్టాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు, తినేశాడు.

షెడ్డు పూర్తయింది. పార్టీ తరఫున చూసి, డబ్బు ఖాయం చేయడానికి శెట్టిగారు వస్తానన్నారు. ఆయన్ని తీసుకురావడానికి మా ఆయన తెల్లవారుతూనే బండి కట్టుకుని పేటకు వెళ్ళాడు. బండి మలుపు తిరిగేదాకా చూసి నేను పొయ్యి రాళ్ళు మోసుకొచ్చి గట్టు మీద పెట్టాను. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగించాను. పాలు పొంగిన పొయ్యి కదిలిస్తే ఇంటికి అరిష్టమని మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

బండి వచ్చి ఆగేసరికి పాలు పొంగి గట్టు మీదికి కారుతున్నాయి. మా ఆయన లోపలికి వచ్చి కొయ్యబారిపోయాడు.

"ఏమే, ట్రాక్టరు షెడ్డులో పొయ్యేంది? పార్టీగారికి తెలిస్తే డబ్బిస్తాడా? తియ్, ముందు తియ్!"

శెట్టిగారు పొంగిన పాలు చూసి, నన్ను చూసి, గొంతు సవరించుకున్నారు. "యల్లమందా, ఇంక దాచి లాభం లేదు. పార్టీ ఈ షెడ్డులోనే ఉంది."

మా ఆయన చుట్టూ చూశాడు. తలుపు వెనక్కి కూడా వంగి చూశాడు. "ఎవరూ లేరే!" అన్నాడు.

"నేను లేనా?" అన్నాను.

ఆయన నాపరాళ్ళ మీద కూలబడ్డాడు. ఏం గుర్తొచ్చిందో చెవులు ఎర్రబడ్డాయి. "ఇది మోసం గదే!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మోసమా? బ్యాంకు కాడికి పోయావు, మా అన్న కాడికి పోయావు. ముక్కూ మొహం తెలీని కంపెనీ గుమాస్తాకు దణ్ణాలు పెట్టావు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెడతన్న మనిషిని, నీ కాడేమన్నా ఉందా అని ఒక్కమాట అడిగావా? అన్ని గుమ్మాలూ ఎక్కావు, ఈ గుమ్మం నీకు కనపడలా?"

కోపమే అనుకున్నాను, కాదు, ఏడుపు. పొగ లేని వంటింట్లో ఏడిస్తే పొగ వల్ల అని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆయన పొంగిన పాల వైపు చూశాడు. "నెయ్యి డబ్బులు ఉప్పుకీ చింతపండుకీ అయిపోతన్నాయనుకున్నా" అన్నాడు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, నా ఎదురుగా నిలబడ్డాడు. "నీ కాడ పదిహేను వందలుంటే సర్దుతావా?"

"షెడ్డు ఏదయ్యా? షెడ్డు లేందే ఇయ్యను."

"మరి ఇదేందే?"

"ఇది వంటిల్లు. పాలు పొంగాయి, కనపడలా?"

శెట్టిగారు బయటికి వెళ్ళి బండి చక్రం పట్టుకుని నవ్వారు. మా ఆయన మొహం చూసి నాకే జాలేసింది. ఇస్తానన్నాను.

ఎండలు ముదిరేనాటికి ట్రాక్టరు వచ్చింది. పాత వంటపాకలో పెడితే ముందు సగం లోపల, వెనక సగం బయట. వడ్డీ నూటికి రూపాయి. మొగుడి దగ్గర అర్ధణా కూడా తగ్గించవా అమ్మా అని శెట్టిగారు అడిగితే తగ్గించనన్నాను. ప్రతి నెలా ఒకటో తారీకున మా ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడతాడు. నేను రమ్మంటే వచ్చి, వడ్డీ గట్టు మీద పెట్టి, పీట వాల్చుకుని కూర్చుంటాడు. ఈసారి పొగాకా, మిరపా అని అడుగుతాడు. పెద్దాణ్ణి పేటలో చదివిద్దామా అని అడుగుతాడు. నేను చెప్పేదాకా ఆగి వింటాడు. ఇన్నేళ్ళ కాపురంలో లేనిది ఇది.

మొన్న వడ్డీ పెట్టి, మొహం వెలిగిపోతుండగా చెప్పాడు. "పంట బాగుండాది. సంక్రాంతి లోపల నీ అసలు మొత్తం ఒక్కసారే కట్టేస్తా!"

సంక్రాంతి దాకా మిగిలిన ఒకటో తారీకులు వేళ్ళ మీద లెక్కబెట్టుకున్నాను.

"ఇప్పుడంత తొందరేమొచ్చిందయ్యా" అన్నాను. "మెల్లగా కట్టులే."